బెంగళూరులో సొంతంగా చెట్ల పని: ఇళ్లా, అపార్ట్‌మెంట్లా, కాంట్రాక్టరు కిందా?

మేస్త్రీ కింద కొన్నేళ్లు చెట్లెక్కి, రంపం చేతికి అలవాటయ్యాక "ఇంకెన్నాళ్లు ఒకరి కింద" అని బయటికొచ్చేవాళ్లు బెంగళూరులో ప్రతి ఏడూ ఉంటారు. వాళ్లలో మదనపల్లె, కదిరి, హిందూపురం వైపు మనవాళ్లూ ఉంటారు. అందరూ ముందు అడిగేది ఏ రంపం కొనాలని. నా లెక్కలో అది చివర్లో రావాల్సిన ప్రశ్న. ముందు తేలాల్సింది ఎవరి పని ఒప్పుకోవాలి, కూలీ ఎలా మాట్లాడుకోవాలి అన్నది. కొమ్మ పోయి పక్కింటి కారు మీద పడితే నష్టం ఎవరి జేబులోంచి పోతుంది? పని అయ్యాక మన డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది? ఈ రెండూ తేలేది అక్కడే. కింద చెప్పిందంతా ఈ రెండు లెక్కలు పెట్టుకుని చెప్పిందే.

ఎవరి పని

జయనగర్, బసవనగుడి, మల్లేశ్వరం లాంటి పాత పేటల్లో సొంత ఇళ్ల వాళ్లది ఒక రకం పని. పెరట్లో మామిడి, పనస, రెండు కొబ్బరి చెట్లు. సాయంత్రానికి డబ్బు చేతిలో పడుతుంది, ఎక్కువగా ఫోన్‌పే. బిల్లు అడగరు, కాగితం అడగరు. కొత్తగా బయటికొచ్చినవాళ్లకు ఇదే ఊపిరి. దీంతో వచ్చే తలనొప్పి, పని మధ్యలో పెరుగుతుంది. మీరు పైన ఉండగా కింద నుంచి పెద్దాయన "అబ్బాయ్, ఎలాగూ ఎక్కావు కదా, ఆ పక్క కొమ్మ కూడా తీసెయ్" అంటారు. ఆ పక్క కొమ్మ వైర్ల మీద ఉంటుంది, లేదా పక్కింటివాళ్ల షీట్ల మీద. అలాంటప్పుడు "సార్, అది కిందికొచ్చి చూసి, రేటు మాట్లాడుకుని చేద్దాం" అనడం నేర్చుకోవాలి. మొహమాటపడితే చేతి చమురు వదులుతుంది.

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపుర రోడ్డు, హెచ్‌ఎస్‌ఆర్ వైపు అపార్ట్‌మెంట్ల పని వేరే తీరు. మాట్లాడేది ఇంటి యజమాని కాదు, ఫెసిలిటీ మేనేజర్. కొటేషన్ కాగితం మీద ఇవ్వాలి, పాన్ నంబర్ ఉండాలి, గేటు దగ్గర కుర్రాళ్ల ఆధార్ చూపించాలి, తెల్లవారుజామున రంపం మోగించకూడదు. అసోసియేషన్ కమిటీ సంతకం పడేవరకు డబ్బు రాదు. నెల, నెలన్నర ఆగాల్సిందే అనుకుని దిగండి. అయితే వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అని ఏడాది ఒప్పందం కుదిరితే, డిసెంబరు, జనవరి లాంటి ఖాళీ నెలల్లో కూడా పొయ్యి వెలుగుతుంది.

ఈ బిల్లుల విషయంలో రెండు అపోహలున్నాయి. జీఎస్టీ నంబర్ లేకపోతే బిల్లు ఇవ్వకూడదని ఒకటి. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మామూలు బిల్లు పుస్తకం మీద, జీఎస్టీ వేయకుండా, పేరు, పాన్ రాసి ఇస్తే సరిపోతుంది. పైగా నంబర్ ఉన్న కంపెనీ వేసే 18 శాతం మన బిల్లులో ఉండదు కాబట్టి అసోసియేషన్‌కు మనమే చవక. ఆ మాట కొటేషన్ ఇచ్చేటప్పుడే చెప్పండి. రెండోది టీడీఎస్, అంటే బిల్లు కట్టేవాళ్లు ముందే పట్టుకునే ఆదాయపు పన్ను. ఒక్క బిల్లు 30 వేలు దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా 1 శాతం పట్టుకుని ఇస్తారు. "నా డబ్బు కోసేశారు" అని గొడవపడేవాళ్లున్నారు. రిటర్న్ వేస్తే అది మన లెక్కలోకే వస్తుంది. పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం పోతుంది, అక్కడ జాగ్రత్త.

మూడోది, పెద్ద కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టు. కార్పొరేషన్ అటవీ విభాగం టెండర్లు, కరెంటు లైన్ల కింద కొమ్మలు తీసే పనులు పెద్ద కాంట్రాక్టర్లకు పోతాయి, వాళ్లు మనలాంటి వాళ్లకు దించుతారు. కొటేషన్ టెన్షన్ ఉండదు, కస్టమర్‌ను వెతకనక్కర్లేదు, రోజూ పని ఉంటుంది. కానీ పైనుంచి బిల్లు పాసైతే గానీ కాంట్రాక్టరు ఇవ్వడు, ఇచ్చినా ముక్కలుగా ఇస్తాడు. పని నేర్చుకున్నవాడికి ఇంకో బాధ: "లైన్ కింద నున్నగా కొట్టేయ్, సాయంత్రానికి ఈ రోడ్డంతా అయిపోవాలి" అంటారు. చెట్టు గురించి ఎవరికీ పట్టదు. అన్నిటికన్నా పెద్ద విషయం, జారి పడితే ఏమిటన్నది. పనివాళ్ల నష్టపరిహారం చట్టం ప్రకారం (1923 నాటిది పోయి 2025 నవంబరు నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది) అసలు కాంట్రాక్టరు మీద కూడా బాధ్యత ఉంటుంది. కానీ మీ పేరు ఏ కాగితంలోనూ లేకపోతే, ఆ రోజు ఆ చెట్టు మీద ఉన్నది మీరేనని రుజువు చేసుకోవడానికే తల ప్రాణం తోకకొస్తుంది. వెళ్లక తప్పకపోతే వర్క్ ఆర్డర్‌లో గానీ, కనీసం వాట్సాప్ మెసేజ్‌లో గానీ పేరు, చోటు, తేదీ పడేలా చూసుకోండి.

నా సలహా సూటిగా చెప్తాను. చేతిలో రెండు నెలల ఇంటి ఖర్చు లేనివాళ్లు ఇళ్ల పనితో మొదలుపెట్టాలి. ఆ డబ్బు ఉన్నవాళ్లు మొదటి ఏడాదే రెండు మూడు అపార్ట్‌మెంట్లు పట్టుకోవాలి, ఎంత చిన్నవైనా సరే. కాంట్రాక్టరు పని ఖాళీ రోజులు నింపుకోవడానికి మాత్రమే. దాని మీదే ఇల్లు నడపాలనుకుంటే ఎక్కడి గొంగళి అక్కడే.

రోజు కూలీ, గుత్త, కట్టె బదులు

రోజు కూలీకి ఒప్పుకుంటే వాన పడినా, చెట్టు అనుకున్నదానికన్నా మొండిదైనా నష్టం యజమానిది. గుత్తకు ఒప్పుకుంటే మనది. అందుకే గుత్తలో లాభం ఎక్కువ కనిపిస్తుంది, పోయినప్పుడు కూడా అంతే పోతుంది.

లెక్క కోసం అనుకుందాం. మిద్దె మీదికి వాలిన నిద్రగన్నేరు కొమ్మలు మూడు, పదిహేను వేలకు గుత్త మాట్లాడారు. కింద తాడు పట్టడానికి ఇద్దరికి రెండు వేలు, కొమ్మలు ఎత్తుకెళ్లే టెంపోకు మూడు వేలు, పెట్రోలు, ఆయిలు కలిపి ఐదు వందలు. ఒక్క రోజులో అయిపోతే తొమ్మిదిన్నర వేలు మిగులుతాయి. మధ్యాహ్నం మూడింటికి వాన దిగి, మర్నాడు మళ్లీ అందరూ రావాల్సి వస్తే మిగిలేది నాలుగు వేలు. అందులోనే మీ రెండు రోజుల కష్టం, రంపం అరుగుదల. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం వాన ఎప్పుడైనా దిగొచ్చు కాబట్టి ఆ రెండు నెలలూ గుత్త రేటు వేరుగా ఉండాలి. ఇంకో పద్ధతి నాకు నచ్చుతుంది: కోత గుత్తకు, ఎత్తుకెళ్లడం విడిగా లోడు లెక్కన. చాలామంది దెబ్బతినేది కోతలో కాదు, టెంపో దగ్గర. చెట్టు మీద చిన్నగా కనిపించే కొమ్మ నేల మీద పడ్డాక టెంపో నిండిపోతుంది.

ఇక అందరికన్నా తీయగా మాట్లాడేవాళ్లు మూడో రకం. "అన్నా, కట్టె అంతా నువ్వే తీసుకుపో, కూలీ ఏం వద్దులే." ఈ బేరానికి తొంభై పాళ్లు వద్దనే అంటాను. గుల్‌మొహర్, ఆఫ్రికన్ ట్యులిప్, పచ్చ తురాయి కట్టె పొయ్యికి తప్ప దేనికీ పెద్దగా పనికిరాదు. దాని ధర టెంపో బాడుగకు సరిపోతే గొప్ప. టేకు లాంటి మంచి కలప అయితే దాన్ని ఊరు దాటించడానికి అటవీ శాఖ పర్మిట్ గొడవ ఉంటుంది. గంధం చెట్టు మాటెత్తితే అసలు అక్కడ నిలబడకండి. ఇంకో సంగతి కూడా ఉంది. కట్టె మీద బతకాలంటే అవసరం లేని మానూ కొట్టాలనిపిస్తుంది. మన తీర్పు పాడవుతుంది, యజమానికి ఆ సంగతి తర్వాత అర్థమవుతుంది.

నెత్తి కొట్టడమా, పలచన చేయడమా

కస్టమర్లు ఎక్కువగా అడిగేది "పైనంతా కొట్టేసి పొట్టిగా చేసేయండి" అని. చేయడం తేలిక, చూడటానికి డబ్బుకు తగ్గ పని జరిగినట్టుంటుంది. కానీ నెత్తి కొట్టిన నిద్రగన్నేరు ఏడాది తిరిగేసరికి ఒక్కో మోడు చుట్టూ పదేసి చిగుళ్లు తోస్తుంది. అవన్నీ పైపై చర్మానికి అతుక్కున్నవే. ఊడకుండా పట్టుకునే లోపలి బలం ఉండదు. రెండేళ్లకు మళ్లీ గాలివానలో అవే కారు మీద పడతాయి. "మళ్లీ మనకే పని వస్తుంది కదా" అనే మేస్త్రీలు నాకు తెలుసు. వస్తుంది, కానీ ఆ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మీ పేరు మీద పోయే మాట కూడా వస్తుంది.

పలచన చేయడానికి టైమెక్కువ, చూపించుకోవడానికి కనిపించేది తక్కువ. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి, మిద్దె మీదికి బరువు వాలినవి మాత్రమే తీస్తాం. పెద్ద కొమ్మకు మూడు కోతలు. మొదటిది మానుకు ఓ అడుగు అవతల, కింది వైపు నుంచి, మూడో వంతు లోతు. రెండోది దానికి ఇంకాస్త అవతల, పై నుంచి. కొమ్మ విరిగి పడినా బెరడు చీరుకుంటూ మాను మీదికి రాదు. మిగిలిన మోడును మూడో కోతతో తీయాలి. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బి ఉంటుంది చూడండి, ఆ ఉబ్బుకు తగలకుండా దాని బయట. మానుకు సమంగా నున్నగా కోస్తే ఆ ఉబ్బు పోతుంది, గాయం మూసుకోదు. గాయం మీద తారు, పెయింటు పూయమంటారు కొందరు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునా కోసి చూసి చెప్పింది, పూతలు కుళ్లును ఆపవని. చెట్టు తన గాయాన్ని లోపల్నుంచి తానే అడ్డుగోడ కట్టి ఆపుకుంటుంది, కోత సరిగ్గా ఉంటే.

పలచన పని అమ్ముడుపోవాలంటే ముందూ తర్వాతా ఫొటోలు తీయండి, ఏ కొమ్మ ఎందుకు తీశామో రెండు లైన్లు రాసివ్వండి. రేటు మీద బేరం తగ్గుతుంది.

అనుమతి ఎవరు తేవాలి

ఇది కూడా బేరంలో భాగమే, చాలామంది మర్చిపోతారు. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద చెట్టు కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి, సొంత పెరట్లోదైనా సరే. మొదలు నరకడమే కాదు, కొమ్మలన్నీ నరికి చెట్టును దెబ్బతీయడం కూడా ఆ చట్టం లెక్కలోకే వస్తుంది. కొబ్బరి, సరుగుడు, నీలగిరి, సిల్వర్ ఓక్ లాంటి కొన్నింటికి మినహాయింపు ఉంది. నగరమంతటికీ ఒకటే కార్పొరేషన్‌గా ఉన్న బీబీఎంపీ పోయి 2025 సెప్టెంబరు నుంచి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ కస్టమర్ ఇల్లు దేని కిందికి వస్తుందో ముందు కనుక్కోండి. దరఖాస్తు యజమాని పేరు మీదే ఉండాలి. తిరిగేది మీరైతే ఆ తిరుగుడుకు విడిగా చార్జీ తీసుకోండి. అనుమతి కాగితం ఫోన్‌లో ఫొటో ఉన్నాకే తాడు విప్పండి. పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే అటవీ గార్డు వచ్చి ముందు పట్టుకునేది పైన రంపంతో ఉన్నవాడిని, సోఫాలో కూర్చున్న యజమానిని కాదు.

ఫుట్‌పాత్ చెట్టు కొమ్మ ఇంట్లోకి వస్తోందని పిలిస్తే, ఎంతిస్తామన్నా చేయకండి. అది కార్పొరేషన్ చెట్టు, వాళ్లే రావాలి.

గాలివాన రాత్రుల్లో పడ్డ కొమ్మల పని రేటు రెట్టింపు పలుకుతుంది, ఒప్పుకోవాలా వద్దా? వైరు తగలని కొమ్మలైతే ఒప్పుకోండి. వైరు మీద ఉన్నదాన్ని మాత్రం బెస్కాం (కరెంటు కంపెనీ) వాళ్లు వచ్చి లైన్ ఆపామని చెప్పేవరకు ముట్టకండి. 1912కు ఫోన్ చేయించండి. వీధిలో కరెంటు లేదు కదా అనుకుంటే సరిపోదు. ఏదో ఇంట్లో జనరేటర్ తప్పుగా కలిపి ఉంటే అదే వైరులోకి వెనక నుంచి కరెంటు వస్తుంది.

రంపం

ఎస్‌పీ రోడ్డులో చైనా 58 సీసీ రంపం ఐదారు వేలకే దొరుకుతుంది. స్టిల్, హస్క్‌వార్నా చిన్న మోడల్ కొనాలన్నా దానికి మూడు నాలుగు రెట్లు. చైనాది బరువు, వణుకు ఎక్కువ, చైన్ బ్రేక్ మీద నాకు నమ్మకం లేదు. నేల మీద మొద్దులు ముక్కలు చేయడానికి అది చాలు. పైకి తీసుకెళ్లే రంపం మాత్రం మంచిదే కావాలి. స్టిల్ ఎమ్‌ఎస్ 180 లాంటి నాలుగు కిలోల లోపు రంపం ఒకటి, నేల మీదకు చవకది ఒకటి: కొత్తవాళ్లకు ఈ జోడీ సరిపోతుంది. కొనేముందు విడిభాగాలు మీ ఏరియాలో దొరుకుతాయో లేదో చూడండి. సీజన్‌లో వారం రోజులు రంపం సర్వీస్‌లో ఉంటే దాని ధర అంత ఆదాయం పోతుంది.

బ్యాటరీ రంపాలు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. కొమ్మ మీద నిలబడి తాడు లాగి స్టార్ట్ చేసే బాధ లేదు, చప్పుడు తక్కువ కాబట్టి అపార్ట్‌మెంట్ల వాళ్లకు ఇష్టం. రోజంతా పని చేయాలంటే రెండు మూడు బ్యాటరీలు కావాలి, అసలు ఖర్చు అక్కడే. వారంలో నాలుగు రోజులు అపార్ట్‌మెంట్ పని ఉన్నవాళ్లకు గిట్టుబాటు, మిగతావాళ్లకు ఇంకా కాదు.

పెట్రోలు రంపానికి మంచి టూ స్ట్రోక్ ఆయిల్ 50కి 1 పాళ్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమ పీల్చుకుంటుంది. కలిపిన పెట్రోలు వారాల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్ జిగురు పడుతుంది. చైన్ మొద్దుబారిందో లేదో రాలే పొట్టు చెప్తుంది: పదునుంటే పేలికల్లా రాలుతుంది, మొద్దుబారితే పిండిలా. పిండి రాలుతున్నప్పుడు రంపాన్ని బలంగా నొక్కేవాడికి ఎదురుతన్ను (రంపం ఒక్కసారిగా మన మీదికి ఎగరడం) తగిలే ప్రమాదం ఎక్కువ.

ఎక్కడమా, లిఫ్టా

తాడు, హార్నెస్‌తో ఎక్కితే పాత బెంగళూరు సందుల్లో ఎక్కడైనా పని చేయొచ్చు. బకెట్ లిఫ్ట్ (మనిషిని తొట్టెలో పైకెత్తే బండి) ఆ సందుల్లోకి రాదు. వచ్చినా షిఫ్టు బాడుగ కట్టాలి, రెండు గంటల పనికైనా. కాబట్టి బాడుగ విడిగా కస్టమర్ చేతే నేరుగా ఇప్పించే పని అయితేనే లిఫ్ట్ తీసుకోండి. ఒక్క చోట మాత్రం బేరం లేదు: చచ్చిన చెట్టు, మొదలు డొల్లగా ఉన్న చెట్టు ఎక్కకూడదు. గొడ్డలి వెనక వైపుతో మాను చుట్టూ తట్టి వినండి, గట్టిచోట ఒక చప్పుడు, డొల్లచోట డప్పు చప్పుడు. మొదట్లో గట్టి పుట్టగొడుగులు అంటుకుని ఉన్నా, గుల్‌మొహర్ వేళ్ల దగ్గర మెత్తగా ఉన్నా లిఫ్ట్ లేకుండా ఒప్పుకోవద్దు. కస్టమర్ ఒప్పుకోకపోతే పని పోనివ్వండి.

బిల్డింగ్ పనికి వాడే హార్నెస్‌కు కొక్కెం వీపు మీదే ఉంటుంది. అది పడితే ఆపుతుంది గానీ, రెండు చేతులూ వదిలి నిలబడి కోయడానికి పనికిరాదు. నడుం పక్కల రింగులు ఉన్నది చూసి కొనండి. స్పైకు బూట్లు కొట్టేసే చెట్టుకే. బతకాల్సిన చెట్టుకు ప్రతి అడుగూ ఒక గాయం.

బీమా

ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, ఒక చెయ్యో కాలో పూర్తిగా పోతే లక్ష. ఇది లేకుండా ఎవరూ ఉండకూడదు, కింద తాడు పట్టే కుర్రాళ్లతో సహా. కానీ కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉంటే ఇందులో ఒక్క రూపాయి రాదు, మన పనిలో ఎక్కువగా జరిగేది అదేనాయె. అందుకని పని చేయలేని వారాలకు డబ్బిచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ విడిగా తీసుకోవాలి. ఏజెంటు ప్రీమియం తగ్గుతుందని వృత్తి దగ్గర "తోటమాలి" అని రాస్తానంటాడు. ఒప్పుకోకండి, రంపంతో చెట్లెక్కి కోసే పని అనే రాయించండి. క్లెయిమ్ రోజున చదివేది ఆ గడినే.

కొబ్బరి చెట్లే ఎక్కువగా ఎక్కేవాళ్లకు కొబ్బరి అభివృద్ధి బోర్డు కేర సురక్ష బీమా వేరే ఉంది, ప్రీమియంలో ఎక్కువ భాగం బోర్డే కడుతుంది. బోర్డు ప్రాంతీయ కార్యాలయం బన్నేరుఘట్ట రోడ్డు హుళిమావులోనే ఉంది. ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని వెళ్లి కనుక్కోండి. అది కొబ్బరెక్కేవాళ్లకే, మిగతా చెట్ల మీంచి పడితే వర్తిస్తుందని అనుకోవద్దు.

ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకున్న రోజు నుంచి చట్టం ముందు యజమాని మీరే, వాళ్లకు దెబ్బ తగిలితే పరిహారం మీ మీద పడుతుంది. అపార్ట్‌మెంట్ల పనికి వెళ్లేవాళ్లు పనివాళ్ల పరిహార పాలసీ ఒకటి, ఎదుటివాళ్ల ఆస్తికి నష్టం జరిగితే కట్టే పాలసీ ఒకటి తీసుకుంటే ఆ ప్రీమియం కొటేషన్‌లోనే కలుపుకోవచ్చు. ఇళ్ల పని మాత్రమే చేసేవాళ్లకు రెండోది బరువనిపిస్తుంది. అలాంటప్పుడు కనీసం పని మొదలెట్టకముందు కింద ఉన్న కార్లు, కుండీలు, షీట్లు, గేటు అన్నీ వీడియో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి. పాత పగుళ్లు కూడా అందులో పడేలా తీయండి.